కాన్పులో బిడ్డకు గాయం: పరిహారం కేసు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారిపోతుంది

కాన్పు చేసిన ఆసుపత్రి ఇచ్చే కాగితాల్లో బిడ్డ పుట్టిన క్షణం గురించి తరచూ ఒకటే మాట కనిపిస్తుంది: సీఐఏబీ. పుట్టగానే ఏడ్చింది అని దాని అర్థం. అదే బిడ్డను గంట తిరక్కుండా అంబులెన్సులో తీసుకెళ్లి చేర్చిన పిల్లల ఆసుపత్రి షీట్‌లో మాత్రం, పుట్టగానే ఏడవలేదని, బ్యాగ్‌తో ఊపిరి అందించారని, ఆ రోజే ఫిట్స్ వచ్చాయని ఉంటుంది. ఒకే బిడ్డ, ఒకే ఉదయం, రెండు కాగితాలు చెప్పేది రెండు రకాలు. ప్రసవ గాయాల మీద వేసే నష్టపరిహారం కేసుల్లో వాదన ఎంత దూరం తిరిగినా చాలాసార్లు ఈ తేడా దగ్గరికే వచ్చి ఆగుతుంది. బిడ్డ పరిస్థితి ఎంత దయనీయంగా ఉందన్నది కేసును నిలబెట్టదు. ఆ కొన్ని గంటల్లో ఏం జరిగింది, ఏం రాశారు, ఏం రాయకుండా వదిలేశారు అన్నదే నిలబెడుతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. సిజేరియన్లు దేశం మొత్తం మీద 21.5 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. ఇన్ని ఆపరేషన్లు జరిగే చోట కూడా "ఆపరేషన్ చేయాల్సిన టైమ్‌లో చేయలేదు" అనే ఆరోపణ తరచూ వినిపిస్తుంది. ఇందులో వింతేమీ లేదు. ముందే ముహూర్తం చూసుకుని చేసే ఆపరేషన్ వేరు. రాత్రి రెండు గంటలకు బిడ్డ గుండె చప్పుడు పడిపోయినప్పుడు మత్తు డాక్టర్ అందుబాటులో ఉండి, అరగంటలో చేయగలగడం వేరు.

పుట్టేటప్పుడు తగిలే గాయాలన్నీ ఒక్కటి కాదు. బిడ్డ తలను పట్టి బయటికి లాగే వ్యాక్యూమ్ పరికరం వాడినప్పుడు తల మీద వచ్చే బొడిపె కొన్ని వారాల్లో కరిగిపోతుంది. భుజం దగ్గరి ఎముక విరిగినా పసిపిల్లల్లో త్వరగా అతుక్కుంటుంది. ఇలాంటి వాటికి తల్లిదండ్రులు పడే టెన్షన్ నిజమైనదే కానీ కేసుగా అవి పెద్దగా నిలవవు. జీవితాంతం మిగిలిపోయేవి ప్రధానంగా మూడు చోట్ల నుంచి వస్తాయి: మెడ దగ్గరి నరాలు తెగడం లేదా సాగడం, మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం, పుట్టిన తర్వాతి రోజుల్లో చూడాల్సింది చూడకపోవడం.

మొదటిది తల బయటికి వచ్చి భుజం ఇరుక్కున్నప్పుడు జరుగుతుంది. కంగారులో తలను పట్టి లాగితే మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు దెబ్బతిని చెయ్యి వాలిపోతుంది. దీన్నే ఎర్బ్స్ పాల్సీ అంటారు. చాలామంది పిల్లల్లో కొన్ని నెలల్లో తగ్గిపోతుంది, కొందరిలో అలాగే ఉండిపోతుంది. భుజం ఇరుక్కోవడాన్ని ముందే కచ్చితంగా పసిగట్టలేం. అందుకే అది జరగడమే తప్పు అనలేం. కానీ తల్లికి షుగర్ ఉందా, స్కానింగ్‌లో బిడ్డ బరువు ఎక్కువని తెలిసిందా, తెలిస్తే తల్లికి చెప్పారా, ఇరుక్కున్నాక తల్లి కాళ్లను పొట్ట వైపు గట్టిగా మడిచి, పొత్తికడుపు కింద ఒత్తిడి ఇచ్చే పద్ధతి పాటించారా అన్న ప్రశ్నలకు ఆసుపత్రి జవాబు చెప్పాలి. మన లేబర్ రూముల్లో ఇప్పటికీ ఆయా ఒకరు స్టూలు ఎక్కి పొట్ట పైభాగం మీద నొక్కడం చాలామంది తల్లులకు తెలిసిన దృశ్యమే. బిడ్డ తొందరగా దిగాలని ఇలా నొక్కడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో సిఫార్సు చేయలేదు, వద్దంది. భుజం ఇరుక్కున్నప్పుడు అలా నొక్కితే అది ఇంకా బిగుసుకుంటుంది. కానీ కేసు షీట్‌లో "పొట్ట మీద నొక్కాం" అని ఎవరూ రాయరు. ఆ విషయం తల్లి నోట, పక్కనున్న అమ్మమ్మ నోట మాత్రమే వస్తుంది.

రెండోది, అన్నిటికంటే బరువైనది, మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం. నొప్పులు వచ్చిన ప్రతిసారీ గర్భాశయం బిగుసుకుని బిడ్డకు రక్తం కాస్త తగ్గుతుంది, నొప్పి తగ్గగానే మళ్లీ అందుతుంది. నొప్పులు పెంచే ఇంజెక్షన్ మోతాదు మించితే ఈ విరామం ఉండదు. బిడ్డ గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. అందుకే నొప్పులు ముమ్మరమైన దశలో 15 నుంచి 30 నిమిషాలకోసారి, బిడ్డ బయటికి వచ్చే దశలో 5 నిమిషాలకోసారి గుండె చప్పుడు విని రాయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నొప్పులు పెంచే ఆ మందు, అంటే ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తున్న తల్లిని ఇంకా జాగ్రత్తగా చూడాలి. గుండె చప్పుడు రాసే చార్టులో అర్ధరాత్రి 12 నుంచి 3 వరకు ఒక్క అంకె కూడా లేకపోతే, ఆ ఖాళీకి కోర్టులో చాలా బలం ఉంటుంది. మూడు గంటలు ఒకే రకంగా "140, 140, 140" అని ఒకే పెన్నుతో, ఒకే వాలుతో రాసి ఉన్నా అంతే.

అయితే ఇక్కడే చాలా కుటుంబాలు పొరబడతాయి. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ పట్టు తప్పే పరిస్థితి వచ్చిందంటే కాన్పులో ఏదో తప్పు జరిగిందనే అనుకుంటారు. నెలలు నిండకపోవడం, గర్భంలో ఇన్ఫెక్షన్, జన్యు లోపం, మెదడులో రక్తనాళం మూసుకుపోవడం లాంటి కారణాలతో, కాన్పు సవ్యంగా జరిగినా సెరిబ్రల్ పాల్సీ రావచ్చు. గాయం ఆ గంటల్లోనే జరిగిందని చెప్పడానికి వైద్యులు కొన్ని ఆనవాళ్లు చూస్తారు. ఐదో నిమిషంలోనూ పదో నిమిషంలోనూ ఆప్గార్ స్కోరు (బిడ్డ ఊపిరి, గుండె వేగం, కదలికలు చూసి పదికి వేసే మార్కు) 5 కంటే తక్కువ ఉండటం, బొడ్డుతాడు రక్తంలో ఆమ్లం పెరిగి పీహెచ్ 7 కంటే పడిపోవడం, కిడ్నీ, లివర్ లాంటి వేరే అవయవాలూ ఆ రోజుల్లోనే దెబ్బతినడం, ఎమ్మారైలో ఆక్సిజన్ కొరతకు సరిపోయే మార్పులు కనిపించడం వాటిలో ముఖ్యమైనవి. ఇవి ఉంటే కేసుకు పునాది ఉంది. మన ఊళ్లలో చాలా ఆసుపత్రుల్లో బొడ్డుతాడు రక్తం పరీక్షే చేయరు, ఎమ్మారై నెలల తర్వాత తీస్తారు. ఆ లోటు కుటుంబానికే నష్టం.

ఇంకో మాట. ఇంటర్నెట్‌లో చూసి "మా బిడ్డకు చల్లబరిచే చికిత్స చేయలేదు" అని ఫిర్యాదులో రాసేవారు ఉన్నారు. ఆక్సిజన్ అందని శిశువు శరీరాన్ని 72 గంటలపాటు చల్లగా ఉంచే ఈ చికిత్స ధనిక దేశాల్లో మామూలే. కానీ భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన హెలిక్స్ అధ్యయనంలో దానివల్ల మేలు కనబడలేదు, మరణాలు పెరిగాయి. కాబట్టి ఒక చిన్న పట్టణంలో ఆ చికిత్స చేయకపోవడాన్ని నిర్లక్ష్యంగా నిరూపించడం కష్టం. బలంలేని ఆరోపణలు పది చేరిస్తే బలమైనది ఒకటి వాటి కింద కప్పబడిపోతుంది.

మూడో రకం కేసులు గెలవడానికి ఎక్కువ అవకాశం ఉన్నవి, ఎందుకంటే అక్కడ గడువులు స్పష్టంగా ఉంటాయి. కామెర్లు ఎక్కువై మెదడుకెక్కేదాకా లైట్ కింద పెట్టకపోవడం, నెలలు నిండని బిడ్డ కళ్లను పరీక్ష చేయించకపోవడం ఇందులోకి వస్తాయి. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మహిళా శిశు ఆసుపత్రిలో 1996 ఆగస్టు 30న 29వ వారంలోనే 1,250 గ్రాముల బరువుతో ఒక ఆడపిల్ల పుట్టింది. అలాంటి పిల్లల్లో కంటి వెనుక పొర దెబ్బతినే ఆర్‌ఓపీ అనే జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ. మూడు నాలుగు వారాల వయసు నుంచి కంటి డాక్టరుకు చూపిస్తే పట్టుకోవచ్చు, సకాలంలో చికిత్స చేస్తే చూపు కాపాడవచ్చు. ఆ మాట తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. తెలిసేసరికి రెండు కళ్లూ పోయాయి. జాతీయ వినియోగదారుల కమిషన్ 5 లక్షలు ఇమ్మంటే, 2015 జూలై 1న సుప్రీంకోర్టు దాన్ని మొత్తం మీద సుమారు 1.8 కోట్లకు పెంచింది. ఆ కేసులో ఎవరూ కత్తి తప్పుగా పెట్టలేదు, తప్పు మందు ఇవ్వలేదు. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు.

ఇక చట్టం కొలిచే కొలత ఏమిటి? 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు ఆ పరిస్థితిలో ఏం చేసేవారో అది చేశారా లేదా అన్నదే చూడాలి. అందరికంటే గొప్పగా చేయాలన్న నియమం లేదు, ఫలితం చెడ్డదైనంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. డాక్టరు మీద క్రిమినల్ కేసు నడవాలంటే నిర్లక్ష్యం తీవ్రమైనది కావాలి, ముందుగా సంబంధం లేని మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. పరిహారం కోసం అయితే అంత తీవ్రత అక్కర్లేదు. కాబట్టి పోలీసు స్టేషన్‌లో కేసు కట్టకపోయినంత మాత్రాన పరిహారం దారి మూసుకుపోయినట్టు కాదు. మెడికల్ కౌన్సిల్‌కు వెళ్లినా డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలదు తప్ప డబ్బు ఇప్పించదు.

"నిపుణుడి సర్టిఫికెట్ లేకుండా కేసే వేయలేం" అనే మాటా తరచూ వింటాం. దీనికి జవాబు హైదరాబాద్ నుంచే వెళ్లిన ఒక కేసులో ఉంది. మలేరియా విభాగంలో పనిచేసే ఉద్యోగి ఒకరు, తన భార్యకు మలేరియా ఉంటే టైఫాయిడ్ మందులు ఇచ్చారని, అందుకే చనిపోయిందని ఫిర్యాదు చేశారు. జిల్లా వినియోగదారుల ఫోరం ఇచ్చిన పరిహారాన్ని, నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్లు కొట్టేశాయి. 2010లో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది: ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని, విషయం తేలిగ్గా అర్థమయ్యేది కానప్పుడే కావాలని చెప్పింది. అయినా ప్రసవ కేసుల్లో నిపుణుడు లేకుండా వెళ్లడం ప్రమాదమే, ఎందుకంటే తప్పు జరిగిందని చెప్పడం ఒక ఎత్తు, ఆ తప్పు వల్లే ఈ గాయమని చూపడం మరో ఎత్తు. ఊళ్లో డాక్టర్లు తోటి డాక్టరు మీద రాయరు. వేరే జిల్లాలో, వీలైతే వేరే రాష్ట్రంలో పనిచేసే పిల్లల నరాల నిపుణుడినో, రిటైరైన ప్రొఫెసర్‌నో వెతుక్కోవాల్సి వస్తుంది.

"ఆ డాక్టరమ్మ మా స్టాఫ్ కాదు, బయటి నుంచి వచ్చి వెళ్తారు" అని చెప్పి ఆసుపత్రి తప్పించుకోవడం కుదరదు. ఆసుపత్రి తన దగ్గర పనిచేసే వారందరి తరఫునా జవాబు చెప్పాలని, జాగ్రత్తగానే చూశామని చూపే బాధ్యత దానిదేనని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది.

డబ్బు తీసుకుని వైద్యం చేసే ఆసుపత్రులు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995 నుంచి స్థిరపడిన విషయం. 2019 కొత్త చట్టంలో వైద్యం అనే మాట విడిగా లేదన్న వాదనా 2022లో వీగిపోయింది. కొత్త చట్టంలో ఒక పెద్ద సౌలభ్యం ఉంది, అది చాలామందికి తెలియదు. ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆసుపత్రికి కట్టిన బిల్లును బట్టి తేలుతుంది. బిల్లు 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే. 5 లక్షల లోపు బిల్లుకు ఫీజే లేదు. అంటే కాన్పుకు 80 వేలు కట్టిన కుటుంబం కోటి రూపాయల పరిహారం అడిగినా ఫీజు లేకుండా గుంటూరులోనో కరీంనగర్‌లోనో జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉన్నా, తాము ఉండే జిల్లాలోనే వేసుకునే హక్కూ ఉంది. తల్లికి, బిడ్డకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే చాలు.

ఎవరి దగ్గరా పైసా తీసుకోని ప్రభుత్వ ఆసుపత్రి అయితే వినియోగదారుల దారి సాధారణంగా లేదు. అక్కడ సివిల్ కోర్టు, హైకోర్టులో రిట్, మానవ హక్కుల కమిషన్ మిగులుతాయి. ప్రభుత్వ ఆసుపత్రి కదా అని బాధ్యత పోదు. సిబ్బంది నిర్లక్ష్యానికి ప్రభుత్వమే పరిహారం కట్టాలని 1996లోనే, ఆపరేషన్‌లో టవల్ లోపల వదిలేసిన మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

గడువు విషయంలోనే ఎక్కువ కేసులు జారిపోయే ప్రమాదం. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లు. బిడ్డకు మెడ నిలబడటం లేదని ఐదో నెలలో అనుమానం వస్తుంది, "మగపిల్లాడు కదా, కాస్త ఆలస్యంగా చేస్తాడు" అని ఇంట్లో సర్దిచెబుతారు, ఏడాదిన్నరకు సెరిబ్రల్ పాల్సీ అని తేలుతుంది. అప్పటికి చేతిలో ఆరు నెలలే మిగిలాయని లెక్కేసుకోవడం మేలు. గాయం వెంటనే బయటపడనిదైతే తెలిసిన రోజు నుంచి గడువు లెక్కించవచ్చని 2010లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ అదే తీర్పులో, ఏళ్ల తరబడి నొప్పి ఉన్నా ఆరా తీయని ఫిర్యాదుదారు కేసును గడువు దాటిందని కొట్టేసింది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, దాన్ని నమ్ముకుని కూర్చోవడం మాత్రం మంచిది కాదు. మైనర్లకు 18 నిండాక కూడా గడువు ఉంటుందన్న సూత్రం సివిల్ కోర్టుల లెక్క. కమిషన్‌లో అది పనికొస్తుందని అనుకోకూడదు.

అందుకే లాయర్ కంటే ముందు కాగితాలు. రోగి లేదా బంధువులు అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని, చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు దాచాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతాయి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి చాలదు. పూర్తి కేసు షీట్, నర్సులు రాసిన నోట్స్, కాన్పు ఎలా సాగిందో గంటగంటకూ గుర్తించే పార్టోగ్రాఫ్, మందుల చార్టు, ఆపరేషన్ నోట్స్, బెల్టు కట్టి తీసిన గుండె చప్పుడు గ్రాఫ్ అన్నీ పేర్లతో రాసి అడగాలి. అడిగిన ఉత్తరానికి రసీదు ఉండాలి, లేదా రిజిస్టర్ పోస్టులో పంపాలి. ఇవ్వకపోవడమే తర్వాత ఆసుపత్రికి వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది. గుండె చప్పుడు గ్రాఫ్ ఏటీఎం స్లిప్పులాంటి కాగితం మీద వస్తుంది. ఏడాది రెండేళ్లకు వెలిసిపోతుంది కాబట్టి చేతికొచ్చిన రోజే జిరాక్సు తీసి, ఫోటో కూడా తీసి ఉంచాలి. తల్లి, అమ్మమ్మ, భర్త ఎవరి జ్ఞాపకం వాళ్లు విడిగా, టైములతో సహా వెంటనే రాసి పెట్టుకోవాలి. ఆ రాత్రి డాక్టరుకు చేసిన ఫోన్ కాల్స్ వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కూడా సాక్ష్యాలే.

మన దగ్గర దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగే పని ఒకటుంది. బిడ్డకు ఏదైనా కాగానే ఆసుపత్రి ముందు ధర్నా, అద్దాలు పగలడం, రాత్రికి పెద్దమనుషులు కూర్చోవడం, రెండు మూడు లక్షలు చేతిలో పెట్టి బాండ్ పేపర్ మీద "మాకు ఏ ఫిర్యాదూ లేదు" అని సంతకం. ఆ కోపం వెనకున్న బాధ కాదనలేనిది. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో చేసిన చట్టం ప్రకారం ఆసుపత్రి మీద దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు. కేసు ఎదురు తిరిగి కుటుంబం మీదే పడుతుంది. ఇక ఆ రెండు లక్షలు ఫిజియోథెరపీకి ఎన్నాళ్లొస్తాయి? కోర్టులో దావా నడుస్తుండగా మైనర్ తరఫున రాజీ పడాలంటే కోర్టు అనుమతి ఉండాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెప్పేది ఇందుకే. బిడ్డ హక్కును పెద్దలు తొందరపడి వదిలేయకుండా ఉండటానికి. అర్ధరాత్రి పంచాయితీలో ఆ రక్షణ ఉండదు.

పరిహారం లెక్క గురించి రెండు తీర్పులు చాలా మార్చాయి. హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో జరిగిన ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిన ఇంజనీరింగ్ విద్యార్థికి 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇచ్చింది. రోడ్డు ప్రమాదాల్లో వాడే, వయసును బట్టి హెచ్చించే సూత్రం ఇలాంటి జీవితాంత వైకల్యానికి సరిపోదంది. ఎగ్మూరు కేసులో ఇంకో అడుగు వేసి, రాబోయే దశాబ్దాల్లో వైద్యం ధరలు పెరుగుతాయన్న లెక్కనూ కలిపింది. 1998లోనే స్ప్రింగ్ మెడోస్ కేసులో, తప్పుడు ఇంజెక్షన్‌తో మెదడు దెబ్బతిన్న పిల్లాడికి 12.5 లక్షలు, అతన్ని అలా చూస్తూ బతకాల్సిన తల్లిదండ్రులకు విడిగా 5 లక్షలు ఇచ్చారు. అంటే తల్లిదండ్రుల బాధ విడి నష్టం. ఉద్యోగం మానేసి బిడ్డను చూసుకునే తల్లి శ్రమకు కూడా ఖరీదు కట్టి అడగాలి. చాలా ఫిర్యాదుల్లో ఈ అంకె ఉండదు, "అమ్మ కదా, చూసుకుంటుంది" అనే అలవాటు ఫిర్యాదులోకీ వస్తుంది. 2020లో ఒక రోడ్డు ప్రమాదం కేసులో తీవ్రంగా గాయపడిన పన్నెండేళ్ల పిల్లకు ఇద్దరు సహాయకుల జీతం లెక్కగట్టి సుప్రీంకోర్టు ఇచ్చింది. ఆ తీర్పును ఇలాంటి కేసుల్లోనూ చూపవచ్చు. ప్రతి ఫిజియోథెరపీ బిల్లు, షూ, కాలికి కట్టే స్ప్లింట్, ఆటో ఖర్చు దాచుకోవాలి.

నిమ్స్, ఎగ్మూరు కేసులు రెండింటిలోనూ గాయం జరిగిన నాటి నుంచి చివరి తీర్పు దాకా దాదాపు పందొమ్మిదేళ్లు పట్టింది. ఎగ్మూరులో పుట్టిన పసిపిల్లకు తీర్పు నాటికి దాదాపు పందొమ్మిదేళ్లు. అందుకే కేసు ఒక చేత్తో నడుస్తుంటే చికిత్స రెండో చేత్తో నడవాలి. మెదడు వేగంగా నేర్చుకునేది మొదటి రెండు మూడేళ్లలోనే. పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చూసే, జిల్లా ఆసుపత్రుల్లోని డైక్ కేంద్రాల్లో థెరపీ ఉచితం. వైకల్యం శాతం తేల్చే సదరం క్యాంపులో సర్టిఫికెట్ వస్తే ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6 వేలు, పూర్తిగా మంచానికి పరిమితమైతే 15 వేలు పింఛను 2024 నుంచి ఇస్తున్నారు. తెలంగాణలో 4,016. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ పథకం కింద లక్ష రూపాయల ఆరోగ్య బీమా ఉంది. ఇవేవీ పరిహారం కేసుకు అడ్డం కాదు. సదరం సర్టిఫికెట్‌లోని వైకల్యం శాతం కమిషన్ ముందు సాక్ష్యంగా కూడా పనికొస్తుంది. బిడ్డకు 18 నిండితే తల్లిదండ్రులు చట్టం దృష్టిలో సంరక్షకులు కారు. సొంతంగా సంతకం పెట్టలేని స్థితిలో ఉంటే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి దరఖాస్తు చేసి, సంరక్షకత్వం మళ్లీ తెచ్చుకోవాలి. అప్పటికి కేసు ఇంకా నడుస్తుంటే అందులో ఆ కాగితం కూడా దాఖలు చేయాలి.